ఆరేయని బట్టలు

మా వదిన టైలరు. ఇరవై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కి కూడబెట్టిన డబ్బంతా పెట్టి, అద్దెకివ్వడానికి ఒక ఫ్లాట్ కొనాలనుకుంది. ఆ భవనంలో పన్నెండు ఫ్లాట్లూ ఎప్పుడూ నిండే ఉంటాయన్నాడు బ్రోకరు. వదిన నమ్మలేదు. పాపను చంకనేసుకున్న నన్ను వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం అక్కడికి వెళ్లింది.

"చూశావా మరదలా! నాలుగు బాల్కనీల్లోనే బట్టలున్నాయి. మనుషులుంటే ఉతుక్కోరా? మిగతావన్నీ ఖాళీయే."

సైన్సు చదివిన నాకూ ఆ లెక్క సరిగ్గానే తోచింది. వాచ్‌మన్ నవ్వాడు.

"మిగతా అన్నిట్లో నర్సులేనమ్మా, పక్క ఆసుపత్రివాళ్లు. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నారు. లేచాక ఉతుక్కుంటారు."

వదిన ముఖం వెలిగి, అంతలోనే వాడిపోయింది. "ఆ ఆసుపత్రి ఎప్పటికీ ఇక్కడే ఉంటుందా?"

"ఊరవతలికి మారుస్తారని కొందరూ, లేదని కొందరూ అంటున్నారు. నాకేం తెలుసమ్మా?"

అంటే బ్రోకరు నిజమే చెప్పాడు. అయినా ఆ నిజాన్ని నమ్ముకోవచ్చో లేదో మాకు అర్థం కాలేదు. వదిన అతనికి ఫోన్ చేసి పది రోజులు గడువడిగింది. ఇంకొకరు అడ్వాన్సుతో సిద్ధంగా ఉన్నారన్నాడు.

"అయితే వాళ్లకే ఇచ్చుకో!" అని ఠక్కున పెట్టేసి, నా చెయ్యి పట్టుకుంది.

"ఏమే, నిజంగా ఇచ్చేస్తాడంటావా?"