అక్క సాక్ష్యం చెప్పిన ఆదివారం

పోయిన ఆదివారం తిరువళ్ళూరులో, మా సంఘంలోని ఒక సోదరి నిలబడి, రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను జరిగిందనీ, ఖర్చంతా సర్కారు ఇన్సూరెన్సు కార్డే చూసుకుందనీ చెప్పి దేవుణ్ణి స్తుతించింది. అందరూ ఆమేన్ అన్నారు. నాకు మాత్రం మా అక్క కళ్ళ ముందు నిలిచింది.

అప్పట్లో మేము కడంబత్తూరులో ఉండేవాళ్ళం. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బైలలో ఆ రోగం పేరు ఎవరూ పైకి పలికేవారు కాదు, గడ్డ అనేవారు, అదీ గొంతు తగ్గించి. బావ రోజూ రైలెక్కి మద్రాసు దారిలోని ఫ్యాక్టరీకి పోయేవాడు. అక్కడి ఇన్సూరెన్సు ఆయనకు జబ్బు చేస్తే చూసేదే గానీ, ఇంటివాళ్ళను ఆస్పత్రిలో చేర్చుకునేది కాదు. అందుకని అక్క రొమ్ములో గడ్డ కనబడినప్పుడు మాకున్నది ఉపవాస ప్రార్థన ఒక్కటే. సంఘమంతా కన్నీళ్ళతో ప్రార్థించింది. కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది. అక్క తెల్లచీర కట్టుకుని, అందరి ముందూ నిలబడి, ప్రభువు తనను ముట్టి స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. మేము చప్పట్లు కొట్టాం, ఇంట్లో పాయసం కూడా కాచాం.

ఆ తరువాతే ఇన్సూరెన్సు రూలు మారింది. కార్మికుల భార్యాబిడ్డలకూ పెద్దాస్పత్రిలో వైద్యం ఉంటుందని తెలిసి, బావ రైలు దిగి పరుగున వచ్చాడు.

"నీ పేరు గూడా కార్డులో ఎక్కించినారు. రేపే పోదాం పా."

"సంఘంలో నిలబడి బాగయిందని చెప్పినాక ఆస్పత్రి మెట్లెక్కితే, దేవుని నామం ఏంగావాల?" అంది అక్క.

"దేవునికీ డాక్టరుకీ ఏమన్నా తగువా మే? ఆయనే పంపించినాడు అనుకోరాదా?"

అక్క నవ్వింది గానీ కదల్లేదు. గడ్డ ఇంకా ఉందని ఆమెకు తెలుసు. తన నోటితో దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేస్తానేమోనని ఆమె భయం. పొమ్మని చెప్పడం అవిశ్వాసమవుతుందని మేమూ ఊరుకున్నాం. చివరికి అప్పటి పాస్టరు అయ్యగారే ఇంటికొచ్చి బతిమాలి పంపారు. అప్పటికే గడ్డ చంకలోకి పాకింది. ముందే రావలసిందని మాత్రం డాక్టరు అన్నాడు. ఆ యేటి కోత పండుగకు అక్క లేదు.

నా విశ్వాసం ఈనాటికీ సడలలేదు. మా కన్నీళ్ళకు జవాబుగానే ఆ రూలు మారిందని నమ్ముతాను. జవాబు గడపలోకి వచ్చినా గుర్తుపట్టలేకపోయామే అన్నదే నా దుఃఖం.

మొన్న ఆ సోదరి కూర్చున్నాక మరో చిన్నది లేచి, తన కడుపునొప్పి ప్రార్థనతో తగ్గిందని చెప్పబోయింది. మా ఇప్పటి అయ్యగారు, నా కొడుకు వయసువాడు, అందరూ వింటుండగానే నెమ్మదిగా అడిగాడు: "సంతోషం తల్లీ. డాక్టరుకి చూపించినావా?"

ఆ ఒక్క మాట, తెల్లచీరతో అక్క నిలబడిన ఆ ఆదివారం, మాలో ఒక్కరి నోటికీ రాలేదు.