తుపాకి మూతి, ఇడ్లీ ముక్క

ఆ రోజుల్లో, అంటే పరాయి దేశం వచ్చి అరోరా అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాతో తెలుగులో మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే. పని ఇంటినుంచే కనుక శుక్రవారం మూసిన నోరు సోమవారం మీటింగ్‌లో తెరిచేవాణ్ణి. (ఫోన్‌లో దారి చెప్పే ఆడగొంతుకి ‘థాంక్సండీ’ చెప్పిన సందర్భాలున్నాయి.) అలాంటి నన్ను పై అంతస్తు అంకుల్ లిఫ్ట్‌లో చూసి, “శనివారం నేనూ మావాడూ బాతుల వేటకి పోతున్నాం, చూడ్డానికి వస్తావేంటోయ్?” అని మాటవరసకి అడిగారు. శ్మశానానికి పిలిచినా వెళ్లేవాణ్ణే. “తప్పకుండానండీ!” అన్నాను.

మాట కలపడానికి పనికొస్తుందని ఆ వారమంతా తుపాకుల వీడియోలు చూశాను. చెరువుల్లో పడ్డ సీసం గుండ్లు మింగి బాతులు చస్తున్నాయని వాటి వేటకి సీసం నిషేధించారట. ఉక్కు గుండ్లే వాడాలట. తుపాకి గొట్టం కొసన గుండ్లు చెదరకుండా ఇరుకుగా ఉండే మూతిని ‘చోక్’ అంటారట. సీసం మెత్తన కనుక అందులో నలిగి దూరిపోతుంది. ఉక్కు నలగదు, చోక్ మరీ ఇరుకైతే గొట్టమే ఉబ్బిపోవచ్చు. ఇదంతా కార్‌లో చెబుదామనుకున్నాను గానీ, అంకుల్, వాళ్లబ్బాయి చింటూ దారిపొడుగునా ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకున్నారు. వెనకసీట్లో నేను కిటికీ అద్దం మీద మంచు తుడుచుకుంటూ కూర్చున్నాను.

తెల్లవారేసరికి చెరువు గట్టున రెల్లు చాటున కూర్చున్నాం. చింటూ ఇడ్లీ డబ్బా ఇచ్చాడు. ఒకటి మొత్తం నోట్లో పెట్టుకున్నాక, పక్కన తూటాల్లేకుండా తెరిచిపెట్టిన అంకుల్ తుపాకి మూతి మీద చెక్కిన చిన్న అక్షరాలు కనిపించాయి: ‘నో స్టీల్’. అంతలో బాతులొచ్చాయి. అంకుల్ తుపాకి అందుకుని ఉక్కు గుండ్ల తూటాలు పెట్టి భుజానికెత్తారు. నోట్లో ఇడ్లీతోనే అరిచాను: “చోక్! చోక్!”

“డాడ్, హీ ఈజ్ చోకింగ్!” అంటూ చింటూ వెనకనుంచి నన్ను వాటేసుకుని, గొంతుకి అడ్డంపడ్డది కక్కించడానికి పొట్ట మీద పిడికిళ్లతో కుమ్మాడు. ఇడ్లీ ఎగిరి నీళ్లలో పడింది. బాతులు వెళ్లిపోయాయి. అంకుల్ తుపాకి దించి తూటాలు తీసేశారు.

“బ్రీద్ చెయ్ అన్నా, బ్రీద్ చెయ్!”

“నాది కాదు... తుపాకిది!” అని మూతి వైపు చూపించాను.

అంకుల్ చదివి తెల్లబోయారు. “అయ్యయ్యో! నిన్న ప్రాక్టీసుకి గాల్లోకి విసిరిన బంకమట్టి పలకల్ని సీసం గుండ్లతో కొట్టాను. మూతి మార్చడం మర్చిపోయాను.” వెంటనే దాన్ని విప్పి, వెడల్పుది బిగించారు. ఆ తర్వాత ఒక్క బాతూ రాలేదు గానీ, నా భుజమ్మీద చెయ్యేసి, ఇంకేం తెలుసో చెప్పమన్నారు. వారమంతా దాచుకున్నదంతా వినిపించాను.

తిరుగు దారిలో చింటూ నొచ్చుకున్నాడు. “సారీ అన్నా, చాలా హార్డ్‌గా పట్టుకున్నాను కదా?”

“పర్లేదులే,” అన్నాను. నిజానికి పక్కటెముకలు చాలారోజులు సలిపాయి. ఊరు మారాక నన్నో మనిషి అలా గట్టిగా వాటేసుకోవడం అదే మొదటిసారి. ఆ నొప్పి తగ్గిపోయిన పొద్దున్న, ఇంకా ఉందేమోనని పక్కన నొక్కి చూసుకున్న ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఎంత గట్టిగా నొక్కుకున్నాడో!