క్లచ్ మాస్టారి చిక్కటి నూనె

క్లచ్ మాస్టారికి పల్చనిదంటే పడదు. పాలు చిక్కగా ఉండాలి, కాఫీ చిక్కగా ఉండాలి, గోడకు వేసే రంగు కుంచెను వదలనంత చిక్కగా ఉండాలి. పల్చగా కనిపించిందల్లా ఎవడో నీళ్ళు కలిపి అంటగట్టిందేనని ఆయన నమ్మకం. కారు నడపడం నేర్పే మనిషికి ఈ పిచ్చి ఉంటే ఎవరికేం నష్టం అనుకుంటాం. ఉంది మరి, వినండి.

ఆయన కారు పాతది. నడుస్తుంటే గేర్‌బాక్స్ గరగరా మూలిగేది. అందులో నూనె మార్చాలని కొట్టుకు వెళితే, కొట్టాయన ఒక డబ్బా తీసి ఈ కారుకు ఇదే పోయాలన్నాడు. మాస్టారు రెండు చుక్కలు వేళ్ళ మధ్య రాసి చూసి, మొహం చిట్లించి, లారీలకు పోసేది తెమ్మన్నారు. వద్దు బాబోయ్ అని కొట్టాయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. అంత బరువు లాగే లారీకి పనికొచ్చిన నూనె ఈ బుల్లి కారుకు పనికిరాదా అని మాస్టారి వాదన. తీరా పోయించాక మూలుగు మాయమైంది. ఇంకేముంది, ఆ వారమంతా దారిన పోయేవాళ్ళను ఆపి మరీ ఆ నిశ్శబ్దాన్ని వినిపించారు.

మూలుగైతే పోయింది కానీ, పొద్దుటి చలిలో రెండో గేరు పడటం మానేసింది. నేర్చుకునేవాళ్ళు గేరు రాడ్డుతో కుస్తీ పట్టేవారు. తన నూనెలో తప్పుందని మాస్టారికి కలలో కూడా తట్టలేదు. నేర్చుకోవడానికి వచ్చే టైలరు చేయి రోకలిబండ అన్నారు. బేకరీ ఆవిడ గేరు వేస్తోందా పిండి పిసుకుతోందా అన్నారు. లైసెన్సు పరీక్ష పెట్టేది పొద్దున్నే, అదీ మాస్టారి కారులోనే. రెండు మలుపులు, ఒక మిట్ట, నూనె వేడెక్కేలోపే అయిపోయేది. ఒకరి తర్వాత ఒకరు తప్పారు. తప్పినవాళ్ళలో ఆయన భార్య కూడా ఉంది, అదీ రెండుసార్లు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. ఏళ్ళ తరబడి వార్డులో రాత్రి డ్యూటీలు చేసి విసిగిపోయింది. పల్లెలకు వెళ్ళి రోగులను ఇళ్ళలోనే చూసే కొత్త ఉద్యోగం ఆమెకు దాదాపు ఖాయమైంది, లైసెన్సు ఒక్కటే తక్కువ. మూడోసారీ తప్పితే అది ఇంకొకరికి పోతుంది. ఆమె దాని మీదే ప్రాణం పెట్టుకుంది. రెండోసారి తప్పిన రోజు మాస్టారు పరీక్ష మైదానంలో అందరూ వింటుండగా, సూదులు పొడిచే చేతికి గేర్లేం తెలుస్తాయని నోరు పారేసుకున్నారు. ఆమెకు తన చేయి నిజంగానే చేతకానిదేమోనన్న అనుమానం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఎండలో చాలా దూరం నడిపాక గేరు ఆమె చెప్పిన మాట వింది. మర్నాడు పొద్దున మళ్ళీ మొండికేసింది. ఆ రాత్రే వార్డులో నూనెలో కలిపిన మందు ఒకటి సూదిలోకి ఎక్కించబోతూ, అలవాటు కొద్దీ సీసాను అరచేతుల మధ్య రుద్దుతున్నదల్లా ఆగిపోయింది. చలికి ఆ మందు చిక్కబడి కదలదు. కాస్త వెచ్చబడితేనే సూదిలోకి ఎక్కుతుంది.

"ఏమండీ, మీ గేర్‌బాక్స్‌కు చలి పట్టుకుంది. లోపల నూనె బిగుసుకుపోతోంది. కొట్టాయన ఇస్తానన్నదే పోయించండి," అంది ఇంటికొచ్చి.

నర్సులు చెబితే కార్లు వినవన్నారు మాస్టారు. అయితే మూడోసారీ తప్పుతానని, ఆ ఉద్యోగం చేజారాక వార్డు పనీ మానేసి రోజూ మీ ఎదురుగా కూర్చుని మీ మొహమే చూస్తుంటానని ఆమె నింపాదిగా చెప్పింది. ఆ బతుకు ఊహించుకుని మాస్టారు హడలిపోయారు. నీ తృప్తి కోసమేనని గొణుగుతూ నూనె మార్పించారు.

పరీక్ష రోజు టైలరు పాసయ్యాడు. బేకరీ ఆవిడ పాసైంది. అందరూ మాస్టారి చుట్టూ మూగారు, ఆయన తిట్లవల్లే తమ చేయి తిరిగిందన్నారు. మాస్టారి ఛాతీ ఉబ్బింది. అటు చూస్తే, ఆఖరి వంతు కోసం కారులో కూర్చున్న భార్య కనిపించింది. అద్దం దించే ఉంది, అన్నీ వింటూనే ఉంది. ఆయన వంక చూడలేదు. మాస్టారికి సిగ్గేసింది, ఒళ్ళంతా కుంచించుకుపోయేంత సిగ్గేసింది.

"ఆగండి. మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. నేనే తప్పుడు నూనె పోశాను, మా ఆవిడ చెబితే మార్చాను." ఆమెకు వినబడేలా గొంతు పెంచారు. "ఆవిడ చేతిని నేనన్న మాట కూడా తప్పే."

వెంటనే బేకరీ ఆవిడ, మరి నా పిండి సంగతేమిటని నిలదీసింది. ఆమె వెనక టైలరు, టైలరు వెనక మిగతావాళ్ళు వరస కట్టారు. ఎవరిని ఏమన్నారో వాళ్ళే గుర్తుచేశారు, మాస్టారు ఒక్కొక్కరికీ చేతులు జోడించారు. అందరూ అయ్యేసరికి గొంతు ఆరిపోయింది. తిరిగి చూస్తే కారు లేదు. పరీక్ష పెట్టే ఆఫీసరు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మా ఆవిడేదండీ?"

"పాసయ్యారు. ఉద్యోగం కాగితం తెచ్చుకోవాలని ఆసుపత్రికి వెళ్ళారు. మిమ్మల్ని మెల్లగా నడిచి రమ్మన్నారు, తొందరేం లేదట."