మా విక్కీని నిద్రపుచ్చిన మగ్గం

నిన్న పొద్దున ఆదోని బస్టాండ్‌లో ఉన్నాను. ఫోన్‌లో వాయిస్ మెసేజ్. ఎమ్మిగనూరు నుంచి ఈరన్న తాత కోడలు.

"తాత పోయినాడక్కా."

అంతే. నమ్మలేక మళ్లీ పెట్టి విన్నాను. ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఎమ్మిగనూరులో మేం అద్దెకున్నప్పుడు పక్కింటి తాత. నేతపని. గోడకి ఇటు మా మంచం, అటు ఆయన మగ్గం.

అప్పుడు మా విక్కీకి ఏడో నెల. పళ్లు వస్తున్నాయి. చిగుళ్లు ఉబ్బి, చొంగ కారుస్తూ, ఏది దొరికితే అది కొరికేవాడు. నా భుజంతో సహా. అరగంట నిద్రపోతే గంట ఏడుపు. ఫ్రిజ్‌లో పెట్టిన టీథర్, చల్లటి క్యారెట్, అన్నీ అయ్యాయి. పళ్లొచ్చేదాకా ఓపిక పట్టమన్నారు డాక్టర్. ఆ ఓపిక ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో మాత్రం చీటీ మీద రాయలేదు.

మా ఆయనకి ఆదోని పత్తి జిన్నింగ్ మిల్లులో సీజన్ పని. వారానికోసారి వచ్చేవారు.

ఒకరోజు వాణ్ణి ఎత్తుకుని మెట్ల మీద నిలబడే కునికేశాను. వాడు చేతుల్లోంచి జారుతుంటే మెలకువ వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ భయంలో ఎవరో ఒకరి మీద అరవాలి కదా. తాత దొరికారు. నీ మగ్గం మోతకే నా బిడ్డ నిద్రపోవడం లేదని వెళ్లి దులిపేశాను. నా నోటి సంగతి మీకు తెలుసు.

ఆయన ఆ పూటే మగ్గం ఆపేశారు.

రెండు రోజులు గోడ అవతల చప్పుడు లేదు. విక్కీ మధ్యాహ్నం పడుకునే ఆ కాసేపు కూడా మానేశాడు. అప్పుడు వెలిగింది నా బుర్రకి. వాడు పడుకునేదే ఆ చప్పుడుకి!

సిగ్గు చంపుకుని వెళ్లి, తప్పైంది తాతా, మళ్లీ నెయ్యి అన్నాను. నవ్వేశారు. కాసేపటికి టకటక మొదలైంది. వాడు నిద్ర. వాడి పక్కన నేనూ.

ఇంక రోజూ అదే. రాత్రంతా ఏడ్చినా, రేపు మధ్యాహ్నం ఉందిలే అనుకునేదాన్ని.

ఒకరోజు లేచేసరికి సాయంత్రమైంది. గోడ అవతల చప్పుడు ఇంకా ఆగలేదు. తాతకి టీ ఇద్దామని వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయాను.

మగ్గం మీద బట్ట లేదు. నూలు లేదు. ఒక్క పోగు లేదు.

తాత మగ్గం గుంటలో కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, చేత్తో తాడు లాగుతూ, ఖాళీ మగ్గం ఆడిస్తున్నారు. బనియను చెమటకి తడిసి ముద్దయింది.

నన్ను చూసి, "నూలు అయిపోయి మూడు దినాలాయె తల్లీ. సప్పుడుకి నూలెందుకు? పిల్లోడు లేసినాడా?" అన్నారు.

లేవలేదన్నాను.

"అట్లయితే నువ్వూ పోయి పండుకోపో."

మళ్లీ మొదలుపెట్టారు.

మూడు రోజులు! డెబ్భై ఏళ్ల మనిషి. తనని తిట్టిపోసినదాని బిడ్డ కోసం. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లయినా ఆ ఆశ్చర్యం నాకు తీరలేదు. మనుషులు ఇలా కూడా ఉంటారా అని.

నిన్న విక్కీని స్కూల్ నుంచి తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. వాడికిప్పుడు ఐదేళ్లు. ఈ కథ వాడికి వందసార్లు చెప్పాను.

తాతని వరండాలో పడుకోబెట్టారు. లోపల మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది.

తాత పండుకున్నాడా అని విక్కీ అడిగాడు. పండుకున్నాడు నాన్నా అన్నాను. వాడు నా చెయ్యి విడిపించుకుని వెళ్లి మగ్గం తాడు పట్టుకుని లాగాడు.

టక్.

వద్దని పరుగెత్తాను. తాత కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "లాగనీలే అక్కా" అంది.

ఎన్ని మధ్యాహ్నాలు మా కోసం మేలుకున్నావో తాతా. నీ నిద్ర చల్లగా సాగాలి.

పండుకో. సప్పుడు మా పిల్లోడు సూసుకుంటాడు.