కూరకని ఇచ్చిన చేప

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. బరంపురంలో తరాలుగా కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం మాది. అలాంటి నేను చేపలకి ఆశపడ్డానని మా డాక్టరు గారికి ఫిర్యాదు వెళ్లింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది.

గంజాంలో చిన్న సర్కారీ ఆసుపత్రిలో నర్సుని నేను. బరంపురం లంజిపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్లొస్తాను. మందుల గదిలో బీపీ మాత్రలు అలాగే పడి ఉండేవి. బీపీ ఉన్న బెస్తవాళ్లు మాత్రం వచ్చేవారు కాదు. వాళ్లకి శ్రద్ధ లేదని అందరూ తేల్చేశారు. శ్రద్ధ లేక కాదు, వేళ కుదరక. పడవలు తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్తాయి. తిరిగొచ్చి చేప అమ్ముడుపోయేసరికి మేము తలుపులు మూసేస్తాం. వాళ్లు రాలేకపోతే మనమే వెళ్దామన్నాను. వారానికోసారి, పడవలు ఒడ్డుకు చేరే వేళకి, బీపీ మిషనూ మాత్రల సంచీ పట్టుకుని రేవుకి వెళ్లడం, అంతే. డాక్టరు గారు ఒడియా ఆయన, మితభాషి. కొన్నాళ్లు చూద్దామన్నారు.

మొదటి రోజు ఒక్కరూ మిషనుకి చెయ్యి చాపలేదు. ఒక ముసలామె చేపలు వేరుచేస్తూ ఒకటి తీసి నాకు అందించింది.

"కూరకి తీస్కో, నర్సమ్మా."

వద్దన్నాను. ఆమె చెయ్యి కొంగు కింద దాచుకుంది. "మా సేతిది నువ్వు అందుకోవు. నీ సేతి మందు మేమెందుకు అందుకోవాల?"

పడవ వచ్చిన వేళకి పక్కన నిలబడ్డవాళ్లని ఉత్త చేతులతో పంపరు వాళ్లు. అది వాళ్ల మర్యాద. మేం తినమమ్మా అని చెప్పి చూశాను.

"తినీమని ఎవులన్నారు? పట్టుకెల్లు. ఎవులికో ఒకలికి పనికొస్తాది."

ముక్కు బిగబట్టి అందుకున్నాను. అప్పుడు చెయ్యి చాపింది. ఆమెని చూసి మిగతావాళ్లూ చాపారు. అప్పటినుంచి వారం వారం నా సంచిలో చేప రావడం, మా ఆసుపత్రి ఊడ్చే ఆమె ఇంట్లో అది కూరైపోవడం మామూలైంది.

మందుల గది చూసే సీనియరు మా తెలుగాయనే. అంకులిలో ఇల్లు. "మంచి ఆలోసన సెల్లెమ్మా, ఇన్నాల్లూ మాకు తట్టనేదు" అని అందరి ముందూ మెచ్చుకునేవాడు. తీరా నేను బయల్దేరే రోజు మిషన్లో బ్యాటరీలు ఉండేవి కావు. మాత్రల అలమారా తాళం ఆయన ఇంట్లో మర్చిపోయి వచ్చేవాడు. తేనె పూసిన కత్తి అంటే పెద్దవాళ్లు ఏదో మాట వరసకి అంటారనుకునేదాన్ని. తనకి తట్టనిది నాకు తట్టిందని ఆయన బాధ. ఆ బాధ చెప్పుకోలేక నా మీద పుల్లలు పెట్టడం మొదలుపెట్టాడు. చివరికి, "ఆ అమ్మాయి ఎల్లేది మందులకి కాదు సార్, చేపలకి" అని డాక్టరు గారి చెవిన వేశాడు.

డాక్టరు గారు పిలిచారు. సీనియరు అక్కడే నిలబడి ఉన్నాడు. నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోతే రేవుకి వెళ్లడం ఆగిపోతుంది. ముసలామె బీపీ అప్పుడప్పుడే దిగుతోంది. మాత్రలు ఆగితే ఆమె పని మళ్లీ మొదటికొస్తుంది. నాకు భయం వేసింది, ఆమె గురించి.

"చేపలు తీసుకుంటున్నావా?" ఒడియాలో అడిగారు.

"తీసుకుంటున్నాను సార్. ప్రతిసారీ."

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, నిప్పుని నేనే ఆయన చేతిలో పెట్టేశాను. మేం శాకాహారులమని ఒక్క మాటంటే నా వరకు గండం గడిచేది. కానీ రేవు పని గడిచేది కాదు. చేప తీసుకోవద్దని హుకుం వేస్తే చాపిన చేతులన్నీ మళ్లీ కొంగుల కిందకి వెళ్లిపోతాయి.

"తీసుకోకపోతే వాళ్లు చెయ్యివ్వరు సార్. ఒక్కసారి వచ్చి చూడండి."

ఆ వారం ఆయన వచ్చారు. ముసలామె ఒక చెయ్యి మిషను పట్టీలో ఉంచి, కొత్త మనిషిని ఎగాదిగా చూసి, రెండో చేత్తో చేప అందించింది. ఆయన తటపటాయించారు. అప్పటికే ఆమె పట్టీలోంచి చెయ్యి వెనక్కి లాగేసుకుంది. ఆయన నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. ఆయన రెండు చేతులూ చాచి చేప అందుకున్నారు. ఆమె చెయ్యి మళ్లీ పట్టీలోకి వచ్చింది.

తిరుగుదారిలో చేపని కాగితంలో చుట్టుకుంటూ ఆయన అన్నది ఒకటే. "వచ్చే వారం నుంచి మందుల గది ఆయన్నీ తీసుకెళ్లు. మాత్రలు ఆయన చేత్తోనే ఇప్పించు."

ఆ మరుసటి వారం బ్యాటరీలు పోలేదు, తాళమూ మర్చిపోలేదు. సీనియరు ఇస్త్రీ ప్యాంటు చీలమండల పైకి మడుచుకుని ఇసకలో నిలబడ్డాడు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో దాచుకోవడం కష్టమైంది. ముసలామె బుట్టలో వెతికి మంచి చందువ చేప ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన అటూ ఇటూ చూశాడు. చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

"తీస్కోండన్నయ్యా," అన్నాను. "నేను డాక్టరు గారికి సెప్పన్లెండి."