సుగ్గికి పోయినోళ్ళ ఇళ్ళు

ఆ వీధిలో వరసగా మూడో ఇంటికీ తాళమే. తాళం ఒక్కటే చాలదన్నట్టు పందులూ కుక్కలూ చొరబడకుండా గడపకు అడ్డంగా తుమ్మకంప పడేసి పోయారు. శివజ్యోతి ఆ కంప ముందు నిలబడి ట్యాబులో ఇళ్ళ లిస్టు తెరిచింది. ‘తాళం వేసి ఉంది’ అని నొక్కగానే ఎప్పటిలాగే తెర మీద మాట వచ్చింది: పక్క ఇంటికి వెళ్ళండి.

పక్క ఇల్లు అంగడి దాసన్నది. మనిషి గల్లాపెట్టె వెనక నిండుగా కూర్చుని ఉన్నాడు.

“మా ఇంట్లో సుగ్గికి పోయేవాళ్ళు ఎవురున్నారమ్మా? పోతే అంగడి ఎవురు సూస్తారు? నువ్వు సూస్తావా?” అని నవ్వాడు.

శివజ్యోతి నవ్వలేదు. ‘వలస లేదు’ అని నొక్కింది. ఆ ఊళ్ళో పొద్దున్నుంచి ఆమె ఎక్కువసార్లు నొక్కింది అదే.

ఆదోనిలో బీయస్సీ చదివి, పెళ్ళయి, పాప పుట్టాక ఆమెకు దొరికిన పని ఈ సర్వే. పట్నంలోని ఒక పరిశోధన సంస్థ కర్నూలు పడమటి పల్లెల్లో లెక్క తీయిస్తోంది. సుగ్గికి, అంటే కోతల కాలం పనులకు, దూరం పోయే కుటుంబాలెన్ని, వాళ్ళ వెంట బడి మానేసి పోయే పిల్లలెందరు అన్నది ఆ లెక్క. అట్లా పోయే పిల్లలు ఎక్కువున్న ఊళ్ళోనే సీజనల్ హాస్టల్ నడుపుతారు. అమ్మానాన్నలు మిరప కోతలకు గుంటూరు వైపు పోయినా, పిల్లలు బడిలోనే తిని, అక్కడే పడుకుని చదువుకుంటారు. పోయేవాళ్ళు తక్కువని తేలితే హాస్టల్ లేదు. ఈ యేడు ఈ ఊళ్ళో ఇంకా తెరవలేదు. నివేదిక రానీ అన్నారు.

వీధి చివర ఈరక్క ఇల్లు మాత్రం తెరిచే ఉంది. జొన్నరొట్టెలు చేసి, గలగలలాడేలా ఎండబెట్టి, తెల్లగుడ్డలో మూట కడుతోంది. దోవలోకి అవే తిండి.

“ఏం మేడమ్మా, మా ఊర్లో తాళాలెన్నుండాయో లెక్క తేలిందా?”

“నవ్వొద్దక్కా. నువ్వింకా పోలేదేం?”

“ఆ హాస్టలు తెరుస్తారేమో, శ్రావణిని ఈడ ఇడిసిపోదామని సూస్తాండా. కూలోళ్ళను తోలకపోయే మేస్త్రి రెండు బండ్లు పంపిచ్చేసినాడు. రేపు పొద్దన పోయేదే కడాబండి, దాని ఎనక ఇంగోటి లేదు. ఇంగ నిలబడలేను.”

లోపలి నుంచి శ్రావణి వచ్చింది. ఎనిమిదో తరగతి. పోయిన ఏడు మిరప తోటల్లో ఉండొచ్చి పరీక్షల ముందు బడికి పోతే, ఏ పాఠం జరుగుతోందో అర్థం కాక బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చిందట. ఈసారి పోనంటే పోనని భీష్మించింది.

“అక్కా, హాస్టలెప్పుడు తెరుస్తారు?”

శివజ్యోతి జవాబు వెతుక్కుంటుండగానే ఫోను మోగింది. అత్త. రెండేళ్ళ పాపకు నిన్నటి నుంచి జ్వరం.

“ఇప్పుడు సల్లగుండాదిలే. థర్మామీటరు పెట్టి కొలిసినా.”

“మందెప్పుడు ఏసినావత్తా?”

“ఇంతకుముందే. అరగంటయింటాది.”

“మందేసిన అరగంటకు కొలిస్తే జ్వరం యాడ కనపడుతుందత్తా? మందు దిగినంక చూడు.”

ఫోను పెట్టేసి అక్కడే నిలబడిపోయింది. తాము చేస్తున్నదీ అంతే కదా. పోయినవాళ్ళ ఇళ్ళు వదిలేసి, ఉన్నవాళ్ళను పట్టుకుని మీరు పోతారా అని అడుగుతున్నారు. పోనివాళ్ళు కాబట్టే కదా వాళ్ళు ఉన్నారు! ఇట్లా ఊరంతా తిరిగితే ఊరికి జ్వరమే లేదని తేలుతుంది.

పై అధికారి భూపేష్‌కు ఫోన్ చేసి అదే చెప్పింది.

“తాళముంటే పక్కిల్లు. ఆ రూలు నేను రాసిందా? తాళాన్ని ఇంటర్వ్యూ చేస్తావా ఏంది?”

“రూలు రాసినోళ్ళు ఈ కాలంలో ఈ ఊరు చూసుండరు సార్.”

“నాకు తెలీదనుకున్నావా శివజ్యోతీ? నాలుగూర్లు ఇట్లనే చేసి పంపినాం. ఇప్పుడు నువ్వు కొత్తగా అడిగితే ఆ నాలుగూర్లకు నేనేం చెప్పాల?” అని, గొంతు తగ్గించి, “లిస్టులో ఉన్న ఇంటి మనిషి యాడ దొరికినా అడుగు. బస్టాండైనా సరే, రోడ్డైనా సరే. నోటితో చెప్పిందే రాయి. అంతకుమించి నన్ను అడగొద్దు” అన్నాడు.

పాపకు రాత్రి మళ్ళీ కాలింది. తెల్లారి తగ్గింది. తగ్గిందో, మందు తగ్గించిందో తెలియని గుబులుతోనే ఆమె మొదటి బస్సెక్కింది.

బడి ముందు ఐచర్ లారీ నిలబడి ఉంది. మూటలు, గిన్నెలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, చంకన పిల్లలు. శివజ్యోతి ఎవరి మూట మీద చోటు దొరికితే వాళ్ళ మూట మీద కూర్చుని అడుగుతూ పోయింది. లిస్టులోని ఇళ్ళవాళ్ళు కొందరు దొరికారు. ఒక్కో ఇంటికీ ‘వలస’ అని నొక్కుతుంటే, ‘పిల్లలు వెంట వస్తున్నారు’ అని నొక్కుతుంటే, ఆమెకు ఊపిరాడినట్టయింది. ఆ వెంటనే, దేనికి సంబరపడుతున్నానా అని సిగ్గేసింది.

ఈరక్క ఆమెను లారీ చాటుకు లాగింది. మొహంలో వెలుగు.

“మా ఆడబిడ్డ ఒప్పుకున్నాదమ్మా. మొగుడు ఒప్పుకోకున్నా తానే ఒప్పిచ్చినాది. శ్రావణిని ఒక నెల సాకుతాదంట. అంతలోపల హాస్టలు తెరుస్తారు గదా?”

“మంచి మాట అక్కా!” అంటూ శివజ్యోతి ట్యాబు తీసింది. బడి ఈడు పిల్ల వెంట వస్తోందా? వేలు అక్కడే ఆగిపోయింది. పిల్ల ఊళ్ళోనే ఉంటే ఈ ఇంటి నుంచి బడి మానే పిల్ల లేనట్టే. హాస్టల్ అక్కర్లేని ఇళ్ళల్లో ఇదొకటవుతుంది.

దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఈరక్కకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“అంటే నా బిడ్డ సుగ్గికొస్తేనే నా బిడ్డకు హాస్టలా?”

ఆమె మొగుడు బొజ్జన్న తాడు బిగిస్తూ విన్నాడు. “శానా బాగుండాదప్పా లెక్క. ఆకలికి పడిపోతేనే అన్నం పెడతామన్నట్టు. పోతాండాదని నొక్కేయమ్మా, ఎవురు సూస్తారు?”

చూస్తారు. సరిచూసేవాళ్ళు వేరే వస్తారు. ఒక్క అబద్ధం బయటపడితే ఊరి లెక్కంతా తీసి పక్కన పడేస్తారు. ఇప్పుడు మూటల మీద కూర్చుని నిజం చెప్పినవాళ్ళందరి మాటా దాంతోపాటే పోతుంది.

“సరే, లారీ ఎక్కిస్తా” అంది ఈరక్క ఉన్నట్టుండి. “ఎక్కిస్తేనే హాస్టలొచ్చేటట్టుంటే ఎక్కిస్తా. వచ్చినంక తోలుకొస్తాం.” మళ్ళీ తనకే నమ్మకం లేనట్టు శివజ్యోతి చెయ్యి పట్టుకుంది. “నువ్వూ బిడ్డ తల్లివే గదా. నీ బిడ్డయితే ఏం జేస్తావో సెప్పు.”

డ్రైవరు హారను కొట్టాడు. మేస్త్రి కేకలేస్తున్నాడు. ఒక్క పిల్లతో లెక్క తేలుతుందో తేలదో శివజ్యోతికి తెలియదు. ఎంతమంది ఉంటే చాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆడబిడ్డ మొగుడు నెలంతా మాట మీద నిలబడతాడో లేదో అదీ తెలియదు.

“నా బిడ్డయితే వదిలే పోతానక్కా. లెక్క ఎట్లన్నా పోనీ.”

ఈరక్క చెయ్యి వదిలి, కళ్ళు తుడుచుకోకుండానే లారీ ఎక్కింది. బండి ఎమ్మిగనూరు రోడ్డెక్కేదాకా శ్రావణి చెయ్యి ఊపుతూనే ఉంది. దుమ్ము అణిగాక వచ్చి శివజ్యోతి పక్కన నిలబడింది.

“నన్ను రాసుకున్నావా అక్కా?”

“రాసుకున్నా.”

“ఏమని?”

“ఊర్లోనే ఉండాదని.”

శ్రావణి తృప్తిగా తలూపి, బ్యాగు సర్దుకుని, బడి గేటు దాటి లోపలికి పోయింది.