పురుగుకి సారీ చెప్పే మేడమ్

మేడమ్ సూదితో గుచ్చే ముందు ప్రతి పురుగుకీ "సారీ అమ్మా" అని చెప్పేవారు. చెరకు కాండాన్ని తొలిచే పురుగు రోగాన్ని ఎలా తట్టుకుంటుందో తెలుసుకోడానికి ఆవిడ యూనివర్సిటీ నుంచి మా చోడవరం వచ్చి, రెండేళ్లు మా తోటలోనే పని చేసేరు. ఎమ్మెస్సీ అవగానే నేను ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరేను.

అక్కడ నేనొక సంగతి గమనించేను. ఒకసారి కొద్దిపాటి రోగం తగిలి బతికిన పురుగులు, తర్వాత పెద్ద రోగం ఎక్కించినా చావడం లేదు. మూడు నెలలు మళ్లీ మళ్లీ చేసి చూసి, అప్పుడు మేడమ్‌కి చూపించేను. ఆవిడ నన్ను దగ్గరకి తీసుకున్నారు.

"ఇది నువ్వు కనిపెట్టిందేనమ్మా. వ్యాసంలో నీ పేరే ముందుంటుంది" అన్నారు.

వ్యాసం అచ్చయింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి వెతికేడు.

"ఇందులో నీ పేరేదే గుంటా?" అన్నాడు.

ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే మేడమ్ తడుముకోలేదు. "నీకింకా వయసుంది. ప్రొఫెసర్ పోస్టుకి నాకిదే ఆఖరి అవకాశం" అన్నారు.

ఇప్పుడు నేను స్కూల్లో సైన్సు చెప్తున్నాను. కిందటేడు ఇక్కడి కాలేజీకి ఆవిడ ముఖ్య అతిథిగా వచ్చేరు. వెనక వరసలో ఉన్న నన్ను గుర్తుపట్టి, మైకులో ఎంతో ఆప్యాయంగా, "అప్పట్లో నాకు పురుగులు ఏరిపెట్టింది ఈ అమ్మాయే" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టేరు. ఆ మాటలో అబద్ధం లేదు, ఏరింది నేనే. అందుకే కాబోలు, లేచి నిలబడి ఆవిడకి నమస్కారం పెట్టేసేను.